వాళ్ల నాయనకని తెచ్చిన మంచు

మా బీరువా తలుపుకు లోపలివైపు నా భార్య ఒక ఫోటో అంటించింది. పేపర్లో వచ్చిన ఫోటో. నారింజరంగు కోటు వేసుకుని, కళ్లు తప్ప ముఖం కనపడకుండా మఫ్లరు చుట్టుకున్న ఒకామె, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఒక మంచు కడ్డీని పట్టుకుని ఉంటుంది. వెనక అంతా తెలుపు. చొక్కా తీసుకోవాలంటే నేను రోజూ ఆ తలుపు తెరవాలి. చాలాకాలం నా చొక్కాలు బయట దండెం మీదే ఉంచుకున్నాను. బీరువాలో పెడితే ఇస్త్రీ నలుగుతుందని చెప్పేవాణ్ణి.

ఫోటోలో ఉన్నామె యూనివర్సిటీలో నాకు ఏడాది జూనియర్. ఇద్దరం అనంతపురంలోనే భూగర్భశాస్త్రం చదివాం. వాళ్లది గుత్తి. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. వాళ్ల నాయన స్టేషనుకు పోయే దారిలో ఐసు డిపో నడిపేవాడు. పెద్ద పెద్ద ఐసు గడ్డలను వరిపొట్టులో కప్పి, గోనెపట్టాలు చుట్టి, సోడా బండ్లకూ పెళ్లిళ్లకూ చేపలమ్మేవాళ్లకూ ఇచ్చేవాడు. మాది శింగనమల దగ్గర పల్లె. వేరుశెనగ పండిన ఏడు తిని, పండని ఏడు కూలికి పోయిన ఇల్లు.

నేను క్లాసులో ఫస్టు. ఆమె వచ్చిన కొత్తలో ఏది కావాలన్నా నన్నే అడిగేది. రాళ్లను చేతిలో పట్టుకుని గుర్తుపట్టడం నేనే నేర్పాను. "అన్నా" అని పిలిచేది. ఇప్పటికీ అట్లాగే పిలుస్తుంది. ఒకసారి తాడిపత్రి వైపు రాళ్లు చూడటానికి పోయినప్పుడు, బస్సులో తమ డిపో కబుర్లు చెప్పింది. ఐసు గడ్డ నడుమ తెల్లగా ఎందుకుంటుందో తెలుసా, అది గాలి, బయటినుంచి గడ్డకట్టుకుంటూ వచ్చి గాలినంతా కడుపులోకి తోస్తుంది అని. నేను అందరికీ వినపడేలా, "ఐసుబండి ఎక్కినాం రా మనం" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పత్రికలో, మంచు మీద ఆసక్తి ఎట్లా కలిగిందని అడిగితే, ఆమె ఇదే మాట చెప్పింది. మా నాయన డిపోలో ఐసు గడ్డ నడుమ ఉండే తెలుపు చూసి అని. ఆ పత్రికను నేను సగం చదివి మడిచిపెట్టాను. నేను నేర్పిన రాళ్ల గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.

ధ్రువప్రాంతాల మీద పనిచేసే పరిశోధన సంస్థ ఒకటి పడమటి తీరంలో ఉంది. అక్కడ ఉద్యోగాలకు మేమిద్దరం దరఖాస్తు పెట్టాం. ఇద్దరికీ పిలుపు వచ్చింది. అదే నెలలో నాకు ఇక్కడ అనంతపురంలోనే డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాయమైంది. నేను ఇంటర్వ్యూకు పోలేదు. ఎందుకు పోలేదని అడిగినవాళ్లకు మంచి మంచి జవాబులు చెప్పాను. కరువు జిల్లాలో పుట్టి మంచు దగ్గరికి పోయి ఏం చేస్తాం, మన నేల చరిత్ర మనం చదవాలి అని ఒక సెమినార్‌లో కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు. అసలు సంగతి వేరు. అక్కడిది కాంట్రాక్టు ఉద్యోగం, ఇక్కడిది పర్మనెంటు. పైగా ఒకే గదిలోకి ఒకరి తర్వాత ఒకరం పోతే, ఆమెను తీసుకుని నన్ను పంపేస్తారేమోనన్న భయం. పోకపోతే ఓడిపోవడం ఉండదు కదా. ఊరి మీద ప్రేమ అన్న పేరు దానికి తర్వాత పెట్టుకున్నాను.

ఆమె పోయింది. ఉద్యోగం వచ్చింది. రెండుసార్లు దక్షిణ ధ్రువం దగ్గరికి కూడా పోయి వచ్చింది.

ఆమె పని నాకు తెలియనిది కాదు. ఏటా మూడో సంవత్సరం పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే. అక్కడ పడిన మంచు కరగదు. ఒక ఏటి మంచు మీద ఇంకో ఏటి మంచు పడి, కింది పొరలు అణిగి గడ్డకట్టి, నడుమ చిక్కుకున్న గాలి బుడగలై ఉండిపోతుంది. మన బోరు బండి లాంటిదే ఒక చిన్న యంత్రంతో దాన్ని తోడతారు. మన బోరు బండి రాయిని పిండిచేసి బయటికి ఊదేస్తుంది. వాళ్లది మాత్రం మంచును పగలకుండా కడ్డీలు కడ్డీలుగా పైకి తీస్తుంది. ఆ కడ్డీలను చల్లటి గదుల్లో రంపంతో కోసి, ముక్కలను కరిగించి, ఆ నీళ్లను యంత్రాలకు పెడతారు. నీళ్లలో బరువైన అణువులూ తేలికైన అణువులూ ఏ పాళ్లలో ఉన్నాయో చూస్తే, ఆ మంచు పడిన కాలం ఎంత చల్లనిదో తెలుస్తుంది. ఎంత దుమ్ము ఎగిరిందో, ఎక్కడ అగ్నిపర్వతం పేలిందో కూడా ఆ నీళ్లే చెబుతాయి. బుడగల్లో ఉన్నది మాత్రం ఆనాటి గాలే.

అటువంటి పని నేనూ చేయాలనుకున్నాను, మట్టితో. చెరువు అడుగున ఏటేటా ఒండ్రు పేరుతుంది. వానలు బాగా పడిన ఏడు ఒక రకం మట్టి, కరువు ఏడు ఇంకో రకం. శింగనమల చెరువు పెద్దది, పాతది. దాని అడుగులోకి గొట్టం దించి మట్టి కడ్డీ తీస్తే, ఈ సీమ కరువుల చరిత్ర చేతికొస్తుందని నా ఆశ. ఒక వేసవిలో పిల్లలను వెంటేసుకుని, పీవీసీ పైపులూ సమ్మెటలూ పట్టుకుని, ఎండిన చెరువులోకి దిగాను. పక్కనే ట్రాక్టర్లు ఒండ్రు ఎత్తుకుంటున్నాయి. ఒక రైతు బీడీ కాలుస్తూ మమ్మల్ని చాలాసేపు చూశాడు.

"ఏం సార్, నీళ్లు పడినాయా?" అన్నాడు.

బోరు కాదని, పాత వానల గురించి తెలుసుకోవడానికని చెప్పాను. ఆయన నవ్వలేదు. "పాత మట్టి ఈడ యాడుండాది సార్? మా తాత కాలం నుంచి చేన్లకు తోలుకుంటానే ఉండాం గదా. మీకు పాత వానలు కావల్లంటే మా శెనక్కాయ చేన్లో తవ్వుకోండి" అన్నాడు. పిల్లలు నవ్వారు.

ఆయన చెప్పింది నిజమే. పైకి తీసిన మట్టిలో వరుస లేదు. పైది కింద, కిందిది పైన, నడుమ ట్రాక్టరు చక్రం తొక్కిన పెళ్లలు. రైతులకు అది తప్పు కాదు, ఆ ఒండ్రుతోనే వాళ్ల చేలు బతుకుతున్నాయి. నాకు మాత్రం ఆ రోజు ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం రైతు మీద కాదు. ఆమె మంచు మీద. అది పడినచోటే పడి ఉంటుంది. దాన్ని ఎవరూ ట్రాక్టర్లో ఎత్తుకుపోరు. ఎవరి పొలానికీ అది అక్కర లేదు. ఎవరికీ అక్కర లేనిది కాబట్టే చరిత్ర అయింది. నా చెరువు జనానికి పనికొచ్చి, నాకు పనికిరాకుండా పోయింది. ఇది ఆలోచనగా బాగానే ఉంది, కానీ ఇందులో సగం పైన ఈర్ష్యే. ఇంకో చెరువు చూసుకోవచ్చు. కొండల నడుమ ఒండ్రు ఎత్తని గుంటలు ఉంటాయి. నేను చూసుకోలేదు. మట్టి నిండిన ఆ పైపులు మా డిపార్టుమెంటు అటక మీద పగుళ్లు వారుతున్నాయి. ఆ మట్టిని కొంచెం పంపు, మా ల్యాబులో చూపిస్తానని ఆమె ఎన్నోసార్లు అడిగింది. పంపుతానన్నాను. పంపలేదు. నా మట్టి కూడా ఆమె చేతుల్లోనే మాట్లాడితే ఇక నాకు మిగిలేది ఏమిటని.

ఆ మధ్య ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆమె ఫోన్ చేసింది. గుత్తికి వస్తున్నానని, మా కాలేజీ పిల్లలతో ఒక పూట మాట్లాడతానని. ప్రిన్సిపాల్ సంతోషంతో బ్యానరు కొట్టించాడు. బ్యానరు మీద ఆమె ఫోటో నా గది తలుపంత ఉంది. మంచు కూడా తెస్తున్నానని చెప్పింది. పరీక్షలకు పనికిరాక పక్కనపెట్టిన ముక్కలను పిల్లలకు చూపించడానికి ఇస్తారట. వాటిని నీళ్లలో వేస్తే బుడగలు పగిలి చిటపటమంటాయి. ఆ శబ్దం పిల్లలు వినాలని ఆమె కోరిక.

పిల్లలతో మాట్లాడేది సోమవారం. మంచును ముందే ఫ్రీజర్లో పెట్టాలని శనివారం పొద్దున గుంతకల్లులో రైలు దిగి, కారులో నేరుగా కాలేజీకి వచ్చింది. థర్మాకోల్ పెట్టెను తనే ఎత్తుకుని వచ్చింది. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు. మైక్రోబయాలజీ ల్యాబులో ఉన్న డీప్ ఫ్రీజర్ నా పూచీ మీద అడిగి పెట్టాను. పిల్లల కోసం తెచ్చిన ముక్కలన్నీ ఒక కవరులో ఉన్నాయి. ఒకే ఒక్క ముక్క విడిగా, ఇంకో కవరులో ఉంది. అరచేయంత ఉంటుంది. దాన్ని పైన పెట్టింది.

"ఇది మాత్రం వేరే అన్నా. లోతులోది. పిల్లలవి పైపొరల ముక్కలు, వాటిల్లో గాలి వదులుగా ఉంటుంది, సన్నగా పలుకుతాయి. దీంట్లో బాగా అణిగి ఉంటుంది. అందుకని ఇది గట్టిగా పలుకుతుంది. మా నాయనకు తెచ్చినా."

వాళ్ల నాయన డిపో మూతపడి చాలా ఏళ్లయింది. ఇంటింటికీ ఫ్రిజ్ వచ్చాక ఐసు గడ్డ కొనేవాళ్లు ఎవరు. కూతురు ఐసు కోసం భూమి చివరికి పోతుందంటే ఆయన మొదట్నుంచీ ఎగతాళి చేసేవాడట. గుత్తిలో చేస్తే కిలో ఇంత అని అమ్ముకునేవాళ్లం, దానికోసం ఓడెక్కి పోవల్లనా అని. ఆయనకు ఫోటోలు చూపించింది, వీడియోలు చూపించింది. అన్నిటికీ తలూపేవాడు, ఒక్క మాట అడిగేవాడు కాదు. శబ్దం వింటే నమ్ముతాడు అంది ఆమె. ఐసును చెవితో పరీక్ష చేసే మనిషి ఆయన, కొడితే వచ్చే శబ్దాన్ని బట్టి గడ్డ గట్టిదో బోలుదో చెప్పేవాడు అని. ఈ మాటలు చెబుతున్నప్పుడు ఆమె నా ముఖం చూడటం లేదు, ఫ్రీజర్లోకి చూస్తోంది.

"సోమవారం నాయనను తోడుకొని వస్తా. కరెంటు పోయినా భయం లేదన్నా, మూత మాత్రం తెరవొద్దు. తెరవకుంటే ఏం కాదు."

నేను సరేనన్నాను.

ఆదివారం మధ్యాహ్నం కాలేజీకి పోయాను. ఫ్రీజర్ చూసొస్తానని ఇంట్లో చెప్పాను. చూడాల్సిన పని లేదని నాకు తెలుసు. కాలేజీలో ఎవరూ లేరు. నేను ల్యాబు తాళం తీసేసరికి కరెంటు పోయింది. ఫ్రీజర్ గుర్రు ఆగిపోయింది. కాసేపు స్టూలు మీద కూర్చున్నాను. కరెంటు మళ్లీ వచ్చింది. దానికేమీ కాలేదు, మూత మూసే ఉంది కదా. అప్పుడు తెరిచాను.

ఎందుకు తెరిచానో ఎన్నోసార్లు ఆలోచించాను. పాడుచేయాలని కాదు. ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన శబ్దాన్ని నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆమె విన్నది. రేపు పిల్లలు వింటారు. వాళ్లందరికంటే మంచిది, లోతులోది, గుత్తి ఐసు డిపో ఆయన వింటాడు. పోనీ, పిల్లల ముక్కల్లోంచి ఒకటి తీసుకోవచ్చు కదా. ఆ కవరు కూడా అక్కడే ఉంది. నా చేయి దాని మీదికి పోలేదు. పిల్లలకు తెచ్చింది నాకు వద్దు, ఆయనకు తెచ్చిందే కావాలి. ఆమె తన చేతులతో ఎవరికోసమో విడిగా చుట్టింది కావాలి. నా యాభైల వయసులో ఇంత చిన్నబుద్ధి నాలో ఉందని ఆ క్షణంలో నాకు తెలిసింది. తెలిసి కూడా కవరు విప్పాను.

బీకరులో నా బాటిల్లో నీళ్లు పోసి అందులో వేశాను. చెవి దగ్గర పెట్టుకున్నాను. విన్నాను. అది కరిగిపోయేదాకా అట్లాగే వింటూ కూర్చున్నాను. అయిపోయాక బీకరులో నీళ్లు మిగిలాయి. యంత్రం దించేటప్పుడు గుంతలో రసాయనాలేవీ పోయకుండా తోడిన మంచు అని ఆమె చెప్పి ఉంది. తాగేశాను. కవరును మడిచి జేబులో పెట్టుకుని, ల్యాబుకు తాళం వేసి ఇంటికి వచ్చాను. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉన్నాను.

సోమవారం పొద్దున ఆమె వాళ్ల నాయనతో వచ్చింది. ఆయన తెల్లచొక్కా, తెల్లపంచె, భుజాన తువ్వాలు. ల్యాబులో స్టూలు మీద కూర్చోబెట్టాం. గోడ మీద సూక్ష్మజీవుల పటాలను చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఫ్రీజర్ దగ్గరికి పోతుంటే నేను అడ్డం వచ్చి చెప్పాను.

"నిన్న కరెంటు పోయిందమ్మా. పైన పెట్టింది కరిగిపోయింది. కిందివి బాగుండాయి."

ఆమె ముఖం ఒక్క క్షణం వాడింది. తర్వాత సర్దుకుంది. "పోతే పోయింది లేన్నా. నీళ్లుంటాయి గదా. కవరియ్యి. శబ్దం లేకపోయినా నీళ్లన్నా చూపిస్తా నాయనకు. మేం దినాం చేసేదీ అదే గదా, కరిగించేది."

ఏటా పిల్లలకు నేను చెప్పే పాఠం అది. వాళ్లకు కరగడం అంటే పోవడం కాదు. మంచును కరిగించాకే వాళ్ల పని మొదలవుతుంది, నీళ్లలోనే అంతా ఉంటుంది. కరెంటు, కరగడం అని అబద్ధం కట్టుకున్నప్పుడు నాకు ఆ పాఠం గుర్తే రాలేదు. పెళ్లివాళ్లకు ఐసు కరిగిందని చెప్పొచ్చు. మంచు చదివే మనిషికి చెబితే నీళ్లు అడుగుతుంది.

"కవరు యాడ పెట్టినావన్నా?" అంది మళ్లీ.

పారబోశానని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆమె సింకు వైపు చూసింది, తర్వాత నా వైపు. ఆ చూపులో అనుమానం లేదు, దాన్ని తట్టుకోవడమే నా వల్ల కాలేదు.

"తాగినానమ్మా," అన్నాను.

"ఏంది?"

"కరెంటు పోయింది నిజమే. కరగలేదు. నేనే తీసి నీళ్లల్లో వేసుకుని విన్నా. తర్వాత తాగినా."

ఆమె ఫ్రీజర్ మూత మీద చేయి పెట్టుకుని నిలబడింది. మొదట మాట్లాడింది వాళ్ల నాయన.

"ఎట్లుండాదప్పా సారూ, రుచి?"

ఆయన గొంతులో ఎకసెక్కం ఉందో లేదో నాకు తెలియలేదు. రుచేమీ లేదన్నాను.

"ఉండదు. ఐసుకు రుచి యాడిది. మా డిపో ఐసు వేసుకుని తాగి తియ్యగుండాదనేవాళ్లు. ఆ తీపి సోడాదప్పా, ఐసుది కాదు." తువ్వాలు సర్దుకుని, "పోనీ లేమ్మా. దప్పికైంది ఆయప్పకు" అన్నాడు కూతురితో.

ఆమె నవ్వలేదు. "తాగితే తాగినావన్నా. అడిగుంటే నీకూ ఒకటి తెచ్చేదాన్ని. కరెంటు మీదెందుకు వేసినావు?" అంది. అంతే. పిల్లల కవరు తీసుకుని సెమినార్ హాలుకు పోయింది.

ఆ పూట ఆమె బాగా మాట్లాడింది. చలిలో పెన్నులు రాయవని, కళ్లద్దాలు ముక్కుకు అంటుకుంటాయని చెబితే పిల్లలు నవ్వారు. ఇక్కడి వానకూ అక్కడి మంచుకూ సంబంధం ఉందా అని ఒకమ్మాయి అడిగితే, ఉందో లేదో తెలుసుకోవాలనే చేస్తున్నాం, ఇంకా తెలియదు అని చెప్పింది. ఇంకా తెలియదు అని అంతమంది ముందు అంత తేలిగ్గా అనగలగడం నాకు రాలేదు. దానికి కూడా ఈర్ష్యపడ్డాను. బోర్డు పక్కన నిలబడి ఈర్ష్యపడ్డాను, పొద్దున అంత జరిగాక కూడా.

చివర్లో ఫ్యాన్లు ఆపించింది. స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి, మంచు ముక్కలు వేసి బెంచీ బెంచీకి పంపింది. పిల్లలు చెవులు పెట్టారు. పైపొరల మంచు అది. ఆమె అనుకున్నంత కూడా పలకకుండా కరిగింది. ఒకరిద్దరు ఏదో వినపడిందన్నారు. మిగతావాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ముందువరసలో కూర్చున్న వాళ్ల నాయనకు ఒక గ్లాసు తనే తీసుకుపోయి ఇచ్చింది. ఆయన తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, గ్లాసును చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. నేను ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ గ్లాసులోంచి ఏ శబ్దమూ రావడం లేదు.

"వినపడిందమ్మా," అన్నాడు కళ్లు తెరిచి.

"ఎట్లుండాది నాయనా?"

"బాగుండాది. చిటచిట అంటాండాది."

ఆమె తలూపింది. బోర్డు వైపు తిరిగి, రాసినదాన్ని తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది. ఆ ముక్కలు ఏం పలుకుతాయో ఆమె కంటే తెలిసినవాళ్లు ఎవరు.

తర్వాత ప్రిన్సిపాల్ గదిలో ఆమెకు శాలువా కప్పుతున్నారు. వాళ్ల నాయనకు ఎండ తగలకుండా కారును చెట్టు కింద పెట్టించి, ఆయనకు మజ్జిగ తీసుకుపోయాను. తలుపు తీసి పెట్టుకుని కూర్చున్నాడు. గ్లాసు అందుకుని, కూతురు వస్తోందేమోనని గుమ్మం వైపు చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇట్ల రాప్పా. అది నిజంగా పలుకుతాదా?"

పలుకుతుందన్నాను.

"నాకేం వినపళ్లా. పిల్లకు చెప్పొద్దు."

చెప్పనన్నాను.

"నువ్వు విన్నావు గదా. ఎట్లుంటాదో చెప్పు."

లోతులో ఒత్తిడికి గాలి అణిగిపోయి ఉంటుందని, గోడలు కరిగి పల్చబడగానే అది బయటికి తోసుకుని వస్తుందని మొదలుపెట్టాను. ఆయన చేయెత్తి ఆపాడు. "అది నా కూతురు చెప్పింది. నువ్వు శబ్దం చెప్పు."

ముప్పై ఏళ్లుగా నేను చెప్పే పాఠంలో అది లేదు. గుర్తు తెచ్చుకోవడానికి ఆదివారం మధ్యాహ్నంలోకి మళ్లీ పోవలసి వచ్చింది. బొరుగుల బట్టీ ఉంటుంది కదా పెద్దాయనా, అన్నాను. వేడి ఇసుకలో బియ్యం వేస్తే మొదట ఒకటి పేలుతుంది. ఆగుతుంది. ఇంకోటి పేలుతుంది. తర్వాత ఇక ఎడం ఉండదు. ఆ బట్టీని పక్క వీధిలోంచి విన్నట్టు ఉంటుంది. అంత సన్నగా. కానీ చెవిలో కాదు, గాజు పట్టుకున్న వేళ్లలో తెలుస్తుంది. ఒక్కొక్కటి పేలినప్పుడు వేలి కింద చిన్నగా తగులుతుంది. చివరికొచ్చేసరికి మళ్లీ ఎడం పెరుగుతుంది. అయిపోయిందనుకుంటాం, ఇంకోటి పేలుతుంది.

ఆయన మజ్జిగ తాగడం మానేసి వింటున్నాడు. తన రెండు చేతుల్లో గ్లాసును మెల్లగా తిప్పుతున్నాడు. "వేళ్లకు తగులుతాదా," అన్నాడు. "తగులుతుంది," అన్నాను. "మా ఐసు కూడా నీళ్లల్లో వేస్తే పగులుతాది. ఒక్కసారే ఫట్టని. ఇన్నిసార్లు కాదు."

"ఇది ఇన్నిసార్లు," అన్నాను.

ఆమె శాలువా మడుచుకుంటూ వస్తోంది. ఆయన నా చేతి మీద తట్టాడు, ఆపమని.

"ఏం మాట్లాడుకుంటాండారు?" అంది.

"ఎండలమ్మా. ఈ ఏడు ముందే వచ్చినాయంటాండాడు సారు."

ఆమె మా ఇద్దరినీ చూసింది. వెనక సీట్లో కూర్చుని, ఖాళీ థర్మాకోల్ పెట్టెను పక్కన పెట్టుకుంది. "పోయొస్తామన్నా," అంది. కారు గుత్తి రోడ్డు వైపు తిరిగింది.

నేను చెట్టు కిందే ఉండిపోయాను. ఈర్ష్య తగ్గిందని రాస్తే బాగుంటుంది. తగ్గలేదు. కాకపోతే అది మంచు మీద కాదు, బ్యానరు మీద కాదు. వినపడని శబ్దాన్ని వినపడిందని చెప్పే మనిషి ఆమెకు ఉన్నాడు. నేను అబద్ధం చెప్పింది నన్ను కాపాడుకోవడానికి, అదీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఆయన ఏమాత్రం తడబడకుండా, కళ్లు మూసుకుని, గ్లాసు చెవికి పెట్టుకుని చెప్పాడు. నా మట్టి గురించి, నా చదువు గురించి అట్లా ఎవరైనా చెప్పారా అని వెతుక్కున్నాను. చెప్పే ఉంటారు. నేను గమనించి ఉండను.

ఆమె ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆ రోజు సంగతి ఎత్తదు. మంచు మాత్రం మళ్లీ నా చేతికి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. లోతులోది ఇంకో ముక్క తెచ్చి వాళ్ల నాయనకు వినిపించిందో లేదో నాకు తెలియదు. ఆ ప్రశ్న అడిగే ముఖం నాకు లేదు. ఆయన విని ఉంటే, నేను చెప్పినదానికీ విన్నదానికీ పోలిక కుదిరిందో లేదో తెలుసుకోవాలని మాత్రం ఉంది.